నడుం తిరగని దెబ్బ

పొద్దున్న లేవగానే ఫేబ చేసే మొదటి పని అత్తగారి రెండు మోకాళ్ళ మధ్య తలగడ సర్దడం. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన మనిషి కాళ్ళు రెండూ దగ్గరకి చేర్చకూడదని డాక్టరు చెప్పాడు. "కాళ్ళు ఎడంగా పెట్టండత్తమ్మా" అని ఫేబ రోజుకి నాలుగైదుసార్లు చెప్పాలి. చెప్పిన ప్రతిసారీ ఆమెకి లోపల్లోపల నవ్వొస్తుంది. ఎందుకంటే ఇరవై యేళ్ళ కిందట బొబ్బిలిలో పెళ్ళిచూపులకొచ్చి, చాప మీద కూర్చున్న ఫేబని పైనుంచి కిందిదాకా చూసి విజయరత్నమ్మ అన్న మొట్టమొదటి మాట, "మోకాళ్ళు దగ్గరెట్టుకోని కూకో అమ్మీ, ఆడపిల్లవి." ఆ ఒక్క మాట ఇరవై యేళ్ళు పనిచేసింది. చర్చిలో చాప మీద, ఆటోలో, రాయగడ సంతలో వంకాయలు ఏరుకుంటున్నప్పుడు, ఆఖరికి పెరట్లో ఒక్కతే పీట మీద కూర్చుని చేపలు తోముతున్నప్పుడు కూడా ఆమె మోకాళ్ళు ఒకదాన్నొకటి వెతుక్కుని అతుక్కుపోయేవి. వాటి మధ్య ఒక రూపాయి బిళ్ళ పెట్టి పాసింజరెక్కించి విజయనగరం దాకా పంపినా బిళ్ళ జారేది కాదు.

తలగడ తర్వాత బెడ్‌పాన్. తర్వాత వేడినీళ్ళలో గుడ్డ ముంచి ఒళ్ళు తుడవడం, రాగి అంబలి కాచి గ్లాసుతో అందించడం, భర్త ప్రసన్న కుమార్‌కి చొక్కా ఇస్త్రీ, టిఫిన్ డబ్బా. ప్రసన్న కుమార్ చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు, తహసీల్ ఆఫీసులో మంచి గుమస్తా అని పేరు, చర్చి కమిటీకి సెక్రటరీ. తల్లి మంచాన పడ్డాక రోజూ సాయంత్రం కుర్చీ లాక్కుని పది నిమిషాలు ఆమె పక్కన కూర్చుంటాడు. "ఏటమ్మా, ఏటైనా తింటావా" అని అడుగుతాడు. ఆమె ఏదో ఒకటి చెబుతుంది. "ఫేబా, అమ్మకి ఉప్మాట" అని కుర్చీలోంచే కేకేస్తాడు. చూసిన వాళ్ళందరూ, "కొడుకంటే అలగుండాల" అంటారు. కూతురు ఆనీ బరంపురంలో నర్సింగ్ హాస్టల్లో ఉంది. వారానికోసారి ఫోన్ చేసి నాన్నమ్మ తుంటి ఎలా ఉందో, నాన్న బీపీ ఎంతుందో అడిగి, "సరేనమ్మా, డ్యూటీ టైమయ్యింది" అని పెట్టేస్తుంది. అలా ఫేబతో మాట్లాడేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఫేబ గురించి మాట్లాడేవాళ్ళే లేరు.

ఇలాంటి మనిషి చేతికి బేస్‌బాల్ బ్యాటు ఎలా వచ్చిందంటే, అదో పెద్ద కథ. ఫేబ మిషన్ స్కూల్లో ఆడపిల్లలకి కుట్లూ అల్లికలూ చెప్పే టీచరు. రెండేళ్ళ కిందట స్కూలువాళ్ళు హాస్టల్ పిల్లలకి రగ్గులు కావాలని ఏదో దూరదేశపు చర్చికి ఉత్తరం రాశారు. రగ్గులకి బదులు చెక్కపెట్టె వచ్చింది. అందులో ఆరు బ్యాట్లు, సంచీడు బంతులు, ఇరవై తోలు గ్లవుజులు. అదేం ఆటో ఆరునెలలు ఎవరికీ అంతు పట్టలేదు. బ్యాటు రోకలిలా గుండ్రంగా ఉండేసరికి హాస్టల్ వంటమనిషి ఒకటి పట్టుకెళ్ళి మిరపకాయలు దంచింది. గ్లవుజులతో అన్నం డేక్సాలు పొయ్యి మీంచి దింపేవారు. చెయ్యి కాలదని వాటికి వంటింట్లో మంచి పేరొచ్చింది. చివరికి తనిఖీకొచ్చిన ఆఫీసరొకాయన మసిపట్టిన ఆ గ్లవుజులు చూసి నివ్వెరపోయి, ఇది బేస్‌బాల్ సామాను, ఇక్కడ ఆ ఆట ఎవరు నేర్పుతున్నారు అని అడిగాడు. హెడ్‌మాస్టరు తడుముకోకుండా ఫేబని చూపించాడు. ఆయన వెళ్ళాక ఆమెని విడిగా పిలిచి, "నీకు సేతిపని తెలుసు కదమ్మా, ఇదీ సేతిపనే" అన్నాడు.

అలా మొదలైంది. పప్పు కలుపుతూ, గిన్నెలు తోముతూ, స్టవ్ పక్కన గోడకి ఫోను ఆనించి ఆ ఆట చూసి నేర్చుకుంది. ఎదుటి మనిషి బంతి విసురుతుంది, మనం కర్రతో కొట్టాలి, కొట్టి పరిగెత్తాలి. వినడానికి ఇంతే. మొదటిసారి బంతి బ్యాటుకి సరిగ్గా తగిలినరోజు వచ్చిన చప్పుడికి ఫేబ ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది, ఎవరు చేశారా అని. ఇంటిపని బాగా చేస్తే చప్పుడు రాదు. గిన్నె చప్పుడైతే కోపంగా పెట్టిందంటారు, తలుపు చప్పుడైతే పొగరంటారు. ఇరవై యేళ్ళుగా ఆమె చప్పుడు లేకుండా బాగా చెయ్యడంలో ఆరితేరింది. గట్టిగా వినబడితేనే బాగా చేసినట్టు లెక్క వచ్చే పని ఒకటి లోకంలో ఉందని ఆమెకి ముప్ఫై తొమ్మిదో యేట తెలిసింది.

పిల్లల్ని తీసుకుని జయపురం వెళ్ళి ఒక మ్యాచ్ ఆడించింది కూడా. ఎంత ఘోరంగా ఓడిపోయారంటే, బోర్డు మీద అవతలివాళ్ళ స్కోరు రాసీ రాసీ ఆ మాస్టరుకి సుద్దముక్క అయిపోయి, ఇంకోటి తెమ్మని పిల్లని పంపాడు. మ్యాచ్ అయ్యాక ఫేబ పిల్లలకి తప్పెక్కడుందో చూపించడానికి తనే రెండు బంతులు కొట్టింది. అవతలి జట్టు కోచ్ సుభద్రమ్మ అది చూసి దగ్గరకొచ్చింది. జయపురం హోల్‌సేల్ షాపులవాళ్ళ ఆడపడుచు, యాభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు, పొట్టి జుట్టు.

"సేతులొక్కటే కొడతన్నాయమ్మా. నడుం కింద మనిసే లేదు" అంది. ఫేబకి అర్థం కాలేదు. ఆమె బ్యాటు తీసుకుని చూపించింది. బరువంతా వెనక కాలి మీద వెయ్యాలి. ఆ తుంటి స్ప్రింగులా లోపలికి చుట్టుకోవాలి. ముందుకాలు నేలమీద పడగానే మొదట తుంటి తిరగాలి, దాని వెనకే నడుం, దాని వెనకే భుజాలు. చేతులు అన్నిటికన్నా ఆఖర్న రావాలి. "నీకు అన్నిటికీ సేతులే ముందొస్తన్నాయి. అన్ని పనులూ సేతుల నెత్తినే ఎట్టేస్తే అవేటి సేస్తాయి సెప్పు, పాపం." ఫేబ నవ్వబోయి నవ్వలేకపోయింది. ఎవరో తన వంటిల్లు చూసి చెప్పినట్టుంది.

సుభద్రమ్మే ఇంకో సంగతి చెప్పింది. డిసెంబరులో కొరాపుట్‌లో అయిదు రోజుల కోచింగ్ క్యాంపు. ఆఖరి రోజు పది బంతులు విసురుతారు, అయిదైనా గీత దాటించాలి. దాటిస్తే సర్టిఫికెట్. అది ఉంటే స్కూల్లో ఆటల టీచరు పోస్టు ఫేబకి ఇస్తారు. లేకపోతే వచ్చే ఏడాది ఎవరో మాస్టరు వస్తాడు, ఫేబ మళ్ళీ సూదీ దారం దగ్గరకి. హెడ్‌మాస్టరు కూడా అదే అన్నాడు. ఫేబకి అప్పట్లో పదిలో ఒకటి దాటేది, అదీ గాలి వాటంగా ఉంటే.

ఆ యేటి వానల్లోనే విజయరత్నమ్మ బాత్‌రూంలో జారిపడింది.

ఆపరేషనయ్యాక ఆరువారాలపాటు వారానికి రెండుసార్లు లహరి అనే ఫిజియోథెరపీ అమ్మాయి ఇంటికొచ్చేది. టెక్కలి పిల్ల, బలే మాటకారి. ముసలావిడ చేత మడమ జరిపించేది, మోకాళ్ళు మడిపించి నడుం పైకెత్తించేది, అన్నీ బొమ్మలేసి ఒక కాగితం గోడకి అంటించింది. ఒకరోజు ఫేబ చూసి చూసి, సిగ్గుపడుతూ తన సంగతి చెప్పింది. లహరి ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలు కదలకుండా పట్టుకుని పాదాన్ని బయటకి తిప్పి చూసింది. రెండో కాలూ చూసింది.

"మేడమ్, మీ తుంటి మీ అత్తమ్మగారి తుంటి కన్నా బిగిసిపోయింది" అంది. "ఆవిడది ఇరిగింది కాబట్టి బిగిసింది. మీకేటయ్యింది?"

ఏమయిందో చెప్పగలిగిన మనిషి మంచం మీద పడుకుని వింటోంది.

లహరి ఫేబకి వేరే వ్యాయామం చెప్పింది. నేలమీద కూర్చుని ఒక కాలు ముందుకి మడవాలి, రెండోది పక్కకి మడవాలి. చేతులు నేలకి ఆనించకుండా, మోకాళ్ళు రెండూ పైకి లేపి అటునుంచి ఇటు తిరగాలి. మొదటిరోజు ఫేబ తిరగబోయి దిమ్మిసాలా పక్కకి ఒరిగిపోయింది. నైటీ మోకాళ్ళపైకి జారింది. "ఏటే ఆ కూకోడం. పాస్టరమ్మగారు వస్తే ఏటనుకుంటాది" అంది విజయరత్నమ్మ మంచం మీంచి. ఫేబ లేచి తలుపు గడియ పెట్టి వచ్చి మళ్ళీ కూర్చుంది.

రోజుకి రెండు పూటలు. పప్పు కుక్కర్ పెట్టి వచ్చి, అత్తగారి మంచం పక్కన చాప పరుచుకునేది. పైన ఒకావిడ, కింద ఒకావిడ. విజిల్ వచ్చేదాకా ఇద్దరూ నడుం పైకెత్తి ఉంచాలి. గ్యాస్ అయిపోవచ్చినప్పుడు ఆ విజిల్ ఎంతకీ వచ్చేది కాదు, ఇద్దరూ నడుములెత్తి, ఊపిరి బిగబట్టి, కప్పు కేసి చూస్తూ ఉండిపోయేవారు. "వచ్చింద్రా దేవుడా" అని విజయరత్నమ్మ అనేది, విజిల్ రాగానే. పదిరోజులు పోయాక ఆవిడే లెక్కపెట్టడం మొదలెట్టింది. "ఎడమేపు సరిగా తిరగలేదు, మళ్ళీ సెయ్యి" అనేది. ఇరవై యేళ్ళలో అత్తాకోడళ్ళు కలిసి చేసిన పని అదొక్కటే. మిగతావన్నీ ఒకరు చెబితే ఒకరు చేసినవి. ఫేబకి ఆ ఇరవై నిమిషాల కోసం పొద్దున్నే మెలకువ వచ్చేది. అది స్నేహమా అంటే చెప్పలేదు. రైల్లో ఎదురుబల్ల మీద కూర్చున్న మనిషితో కుదిరే పొత్తులాంటిది.

లహరి రావడం మానేసేనాటికి ఫేబ తుంటికి తలుపుసందు తెరుచుకున్నట్టు అనిపించింది. విజయరత్నమ్మ మాత్రం లేవలేదు. వాకర్ పట్టుకుని రెండడుగులు వేసి, "అయ్యో నావల్ల కాదు" అని కూలబడిపోయేది. ఎముక అతుక్కుందని డాక్టరన్నాడు. ఆవిడ తలగడ కావాలంది, బెడ్‌పాన్ కావాలంది.

క్యాంపు కాగితం వచ్చిన రోజు ప్రసన్న కుమార్ దాన్ని రెండు వైపులా చదివాడు. "అయిదు రోజులే" అన్నాడు. "ఎల్లకూడదని నానెందుకంటాను? అమ్మ నడిచిందనుకో, ఆ రోజే ఎల్లు. ఆవిడ్ని ఎవరు సూస్తారు మరి? నాకా ఆఫీసు." కాగితం ఇంకోసారి తిప్పి చూసి, "అయినా ఈ వయసులో కర్ర తిప్పి ఏటి సాధిస్తావు ఫేబా. మొన్న ఆఫీసులో నవ్వుతున్నారు, మీ మేడమ్ కాళ్ళు ఎడంగా ఎట్టి నిలబడి బంతి కొడతన్నాదట కదా అని" అన్నాడు. కోప్పడలేదు. కాగితం జాగ్రత్తగా మడిచి టీవీ కింద పెట్టాడు. అతను దేన్నీ చింపడు. అన్నిటినీ జాగ్రత్తగా మడిచి ఏదో ఒకదాని కింద పెడతాడు.

అప్పట్నుంచీ అత్తగారి మడమ మంచం మీద ఒక్కో అంగుళం జరుగుతుంటే ఫేబకి కొరాపుట్ ఒక్కో స్టేషను దగ్గరవుతున్నట్టుండేది. "ఇంకొంచెం, ఇంకొంచెం అత్తమ్మా" అని బతిమాలేది. ఆవిడ కళ్ళు మూసుకుని మూలిగేది.

క్యాంపు సోమవారమనగా గురువారం మధ్యాహ్నం పిల్లలు పరీక్షల్లో ఉన్నారు. గ్రౌండు ఖాళీ. ఫేబ నేలలో పాతిన గొట్టం మీద బంతి పెట్టి ఒక్కతే కొట్టుకుంటోంది. ఏడో ఎనిమిదో బంతి. బరువు వెనక కాలి మీదకి పోయింది, తుంటి లోపలికి చుట్టుకుంది, ముందుకాలు పడింది. ఆ తర్వాత ఆమె ఏమీ చెయ్యలేదు. తుంటే తిరిగింది. నడుం దాని వెనక వెళ్ళింది, భుజాలు వెళ్ళాయి, చేతులు పెళ్ళివారి వెనకాల వచ్చే చుట్టాల్లా ఆఖర్న ఊపుకుంటూ వచ్చాయి. చప్పుడు హాస్టల్ గోడకి తగిలి తిరిగొచ్చింది. బంతి చూపుకి ఆనకుండా పోయింది. పిల్లలు గనక చూసి ఉంటే అది నాగావళి దాటి పడిందనీ, పార్వతీపురంలో ఎవరింటి పెంకో పగిలిందనీ రాయగడంతా చెప్పేవాళ్ళు. గోడవతల సపోటా తోటలో పడిందంతే. అయినా గోడ దాటింది. మరో నాలుగు కొట్టింది. మూడు దాటాయి.

చెప్పడానికి మనిషి లేదు. గ్రౌండులో ఒక మేక ఉంది, అది అటు తిరిగి మేస్తోంది. ఆనీకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ప్రసన్న కుమార్‌కి చెయ్యబోయి, ఏమని చెప్పాలో తెలీక ఆగిపోయింది. అప్పుడు తట్టింది, ఎడమవైపు సరిగా తిరగలేదని రోజూ తిట్టిన మనిషి ఒకావిడ ఉంది కదా. బ్యాటు కూడా లోపల పెట్టకుండా, చేత్తో పట్టుకునే, ఇంటికి పరిగెత్తినట్టు నడిచింది. దారి పొడుగునా ఎలా చెప్పాలో అనుకుంటూ వెళ్ళింది. దగ్గరని పెరటివైపు సందులోంచి వెళ్ళింది.

పెరటి మెట్టు మీద ఎండలో విజయరత్నమ్మ కూర్చుని ఉంది.

కాళ్ళు రెండూ బారచాపి, ఇంత ఎడంగా పెట్టుకుని, చీర మోకాళ్ళదాకా లాక్కుని కూర్చుంది. ఒళ్ళో వేయించిన వేరుశనక్కాయలు. ఒక్కొక్కటీ వలుచుకుని తింటూ, కళ్ళు సగం మూసుకుని ఏదో కూనిరాగం తీస్తోంది. పప్పు అయిపోయాక గోడకి చెయ్యి కూడా వెయ్యకుండా లేచింది, దులుపుకుంది, కరివేపాకు మొక్క దాకా నడిచి రెండాకులు తుంచి వాసన చూసి, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఫేబ గోడవతలే నిలబడిపోయింది. ఎంతసేపో తెలీదు. ఆమెకి మొదట గుర్తొచ్చింది బెడ్‌పాన్. ఆరోజు పొద్దున్న మోసింది, నిన్న మోసింది, మొన్న జ్వరంతో మోసింది. తర్వాత గుర్తొచ్చింది కుక్కర్ విజిల్. ఆ ఇరవై నిమిషాలు తనకి ఒక మనిషి ఉందనుకుంది. ఆ మనిషి కూడా లేదు. ఏడుపొస్తుందేమోనని చూసింది, రాలేదు. గోడ దాటిన నాలుగు బంతులూ ఎవరికీ చెప్పకుండానే, వచ్చిన సందులోంచే స్కూలుకి వెళ్ళిపోయింది.

సాయంత్రం వచ్చేసరికి విజయరత్నమ్మ మంచం మీదుంది. "తలగడ జారిపోయిందే అమ్మీ" అంది నీరసంగా. ఫేబ తలగడ సర్దింది. బెడ్‌పాన్ పెట్టింది, తీసింది, కడిగింది. ప్రసన్న కుమార్ వచ్చి కుర్చీ లాక్కున్నాడు. "హెడ్‌మాస్టరు కలిసేడు. నువ్వు ఎల్తావో లేదో శనివారం లోపల సెప్పాలట" అన్నాడు ఫేబతో. "అమ్మ పరిస్థితి సెప్పేను. అర్థం చేసుకున్నాడులే." ఫేబ గుమ్మంలో నిలబడి ఉంది. మీ అమ్మ నడుస్తోందండీ. మూడే మూడు మాటలు. నాలిక చివరిదాకా వచ్చాయి. మంచం మీద ముసలావిడ గోడకేసి తిరిగి, ఊపిరి పీల్చడం మానేసినట్టు ఉంది. ఫేబకి ఎండలో చాపిన ఆ రెండు కాళ్ళు కనిపించాయి, ఎముకలు తేలిన ఆ మోకాళ్ళు, ఆ కూనిరాగం. ఎందుకో ఆ మాటలు చప్పరించి మింగేసి, "ఉప్మా పెట్టనా" అంది.

శనివారం పొద్దున్న కుక్కర్ పెట్టి వచ్చింది, చాప పరవలేదు. మంచం అంచున కూర్చుంది.

"గురారం మద్దినేళ ఒచ్చేవు కదూ" అంది విజయరత్నమ్మ. "గోడ మీంచి బ్యాటు కనపడింది."

"ఎన్నాళ్ళనుంచి అత్తమ్మా?"

"నెలయ్యింది." ఆవిడ చాలాసేపు దుప్పటి అంచు మడతలు పెట్టింది. "నీకు సెప్తే నమ్మవు. పదిహేడో యేట ఈ ఇంటికొచ్చేను. మీ మావగారు పోయే రోజుకీ నాను పొయ్యి దగ్గరే ఉన్నాను, ఒచ్చినోళ్ళకి కాఫీలు కలపతా. ఏడుద్దామంటే పాలు పొంగతన్నాయి. పడిపోయిన రోజు ఆస్పటల్లో నా కొడుకు పక్కన కూకొని, ఏటైనా తింటావా అమ్మా అన్నాడు. యాభై యేళ్ళు వండి ఎట్టేనే అమ్మీ, నన్ను ఏటి తింటావని ఎవులడిగేరు? లెగిస్తే ఆ కుర్చీ ఎల్లిపోతాది. లెగిస్తే పొయ్యి అక్కడే ఉంటాది."

ఫేబ గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మీరు పడుకుంటే ఆ పొయ్యి దగ్గర ఎవరున్నారనుకున్నారు?"

విజయరత్నమ్మ ఆమె మొహం చూసింది. ఇరవై యేళ్ళలో మొదటిసారి చూస్తున్నట్టు, ఎక్కడో చూసిన మనిషిని పోల్చుకుంటున్నట్టు చూసింది. కుక్కర్ మూడు విజిళ్ళు వేసింది, ఇద్దరూ కదల్లేదు.

"రేపు మాపటేళ మనింట్లో ప్రార్థన ఉంది కదా" అంది చివరికి. "పాస్టరుగారు నా మీద సెయ్యి ఎట్టి ప్రార్థన సేస్తారు. అప్పుడు లెగుస్తాను. దేవుడు స్వస్థత ఇచ్చేడని సాక్ష్యం సెప్తాను. అందరూ నమ్ముతారు. దేవుడు కూడా ఏటనుకోడులే, ఆయనకి తెలుసు. సోమారం నువ్వు కొరాపుట్ బండెక్కేయ్."

ఫేబ సరేనంది. శనివారమంతా ఆమె మనసు కొరాపుట్ రైల్లోనే ఉంది, సొరంగాల్లోంచి దూరి వెలుగులోకి వస్తూ. స్కూలుకి వెళ్ళి హెడ్‌మాస్టరుతో క్యాంపుకి వెళ్తున్నానని చెప్పింది. సంచీ సర్దుకుంది, కొండమీద చలని స్వెట్టరు పెట్టుకుంది. కానీ ఆదివారం చర్చి నుంచి వచ్చి, సాయంత్రానికి టీ గ్లాసులు కడుగుతుంటే జరగబోయేది ఒక్కొక్కటీ కళ్ళముందు కనిపించసాగింది. అత్తమ్మ లేస్తుంది. అందరూ స్తుతిస్తారు. ప్రసన్న కుమార్ కళ్ళు తుడుచుకుంటాడు. ఆ తర్వాత, "అమ్మా, నీ సేతి సేపల పులుసు తిని మూడు నెలలయ్యింది" అంటాడు. ఆప్యాయంగానే అంటాడు. కుర్చీ దాని చోటికి అది వెళ్ళిపోతుంది. అయిదు రోజులూ డెబ్భై యేళ్ళ మనిషి విరిగి అతికిన తుంటితో పొయ్యి దగ్గర నిలబడుతుంది, శనివారం ఫేబ వచ్చి గరిటె అందుకుంటుంది. ఇద్దరి మధ్యా గరిటె చేతులు మారుతుంది, అంతే. అతను కుర్చీలోంచి లేవనక్కర్లేదు. చేతులే, మళ్ళీ చేతులే. ఆ ఇంట్లో నడుం తిరగాల్సిన మనిషి ఒకడున్నాడు, అతని జోలికి ఎవరూ వెళ్ళలేదు.

నాలుగింటికి పాస్టరుగారు, పాస్టరమ్మగారు, స్త్రీల సమాజం వాళ్ళు, కమిటీ పెద్దలు, ఇరవై మంది దాకా వచ్చారు. గది చాలక వరండాలో కూడా కూర్చున్నారు. ప్రసన్న కుమార్ తెల్లచొక్కా వేసుకుని తల్లి తలవైపు నిలబడ్డాడు. పాటలయ్యాయి, వాక్యం అయింది. విజయరత్నమ్మ ఫేబ కేసి చూసి, దుప్పటి పక్కకి నెట్టి, మంచం పట్టె మీద అరచెయ్యి ఆనించింది. పాస్టరుగారు ఆవిడ తలమీద చెయ్యి పెట్టి, ఎప్పటిలాగే అడిగారు, "ప్రార్థన మనవులు ఏమైనా ఉంటే చెప్పండమ్మా."

సాధారణంగా ఆ ఇంట్లో మనవులు ప్రసన్న కుమార్ చెబుతాడు. అతను గొంతు సవరించుకునేలోపు ఫేబ లేచి నిలబడింది. నిలబడినప్పుడు పాదాలు ఎడంగా, నేలని పట్టుకున్నట్టు పెట్టుకుంది. అత్తగారి దగ్గరకెళ్ళి పట్టె మీది చెయ్యి తీసి మెల్లగా ఒళ్ళో పెట్టింది.

"అత్తమ్మ ఇంకా లేవలేకపోతున్నారు, పాస్టరుగారూ" అంది. ఆమె గొంతు వరండాదాకా వినిపించింది. "రేపు పొద్దుటి బండికి నేను కొరాపుట్ క్యాంపుకి వెళ్తున్నాను. మళ్ళీ శనివారమే రావడం. ఈ అయిదు రోజులూ మా ఆయన సెలవు పెట్టి, వంట చేసి, వాళ్ళమ్మగారికి బెడ్‌పాన్ నుంచి అన్నీ ఆయనే చూసుకుంటారు. ఆయనకి బలమూ ఓపికా ఇమ్మని అందరూ ప్రార్థన చెయ్యండి."

ప్రసన్న కుమార్ నోరు తెరిచాడు. ఇరవై మంది అతనికేసి చూస్తున్నారు. "ఎంత మంచి మనసు బాబూ నీది" అని పాస్టరమ్మగారు కళ్ళొత్తుకుంది. కమిటీ పెద్దాయన భుజం తట్టాడు. అతను నోరు మూసుకున్నాడు.

పాస్టరుగారు మంచం మీది ముసలావిడ తలమీంచి చెయ్యి తీసి, ప్రసన్న కుమార్ తలమీద పెట్టారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. విజయరత్నమ్మ మాత్రం మూసుకోలేదు. కోడలి కేసి చూస్తూ, మెల్లగా వెనక్కి ఒరిగి, దుప్పటి గెడ్డందాకా లాక్కుంది. పాస్టరుగారు ప్రార్థన సగంలో ఉండగానే, అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా, "ఆమెన్" అంది.